ఒకే ట్యాప్ టెంపో స్విచ్, మూడు పెడళ్ళు: జాక్‌లు నేరుగా కలపకండి

డిలే, ట్రెమొలో, ఫేజర్ అనే మూడు గిటార్ ఎఫెక్ట్ పెడళ్ళకీ ట్యాప్ జాక్ (పాట వేగం అంటే టెంపోని కాలితో నొక్కి చెప్పే స్విచ్‌ని తగిలించే చోటు) ఉంది కదా, ఒకే ఫుట్‌స్విచ్ నుంచి వైర్లు చీల్చి మూడింటికీ ఇచ్చేస్తే సరిపోదా అని అడిగారు. కొన్ని పెడళ్ళతో పనిచేస్తుంది, కానీ నేనైతే అలా చెయ్యమనను. సికింద్రాబాద్‌లో చర్చి బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాను. నా బోర్డు మీద ఉన్నది నేను కట్టుకున్న స్విచ్చే.

ముందు ఒక పరీక్ష చేసి చూడండి. పెడల్ ఆన్ చేసి ట్యాప్ జాక్‌లో కేబుల్ పెట్టి, రెండో చివర ప్లగ్‌లో టిప్‌కీ (మొన) స్లీవ్‌కీ (వెనకున్న లోహపు గొట్టం) మధ్య మల్టీమీటర్ ఆనించండి. ఒకదాంట్లో 3.3 వోల్టులు, ఇంకోదాంట్లో 5 వోల్టులు కనిపించొచ్చు. స్విచ్ నొక్కినప్పుడు అది సున్నాకి పడిపోతుంది, లోపలి చిప్ దాన్నే ట్యాప్‌గా లెక్కేస్తుంది. మూడు టిప్‌లూ కలిపేస్తే 5 వోల్టుల పెడల్ నుంచి కరెంటు 3.3 వోల్టుల చిప్‌లోకి తోసుకుపోతుంది. పైగా ఆడియో కేబుళ్ళలో ఎలాగూ కలిసే గ్రౌండ్‌లు ఇటు నుంచి కూడా కలిసి లూప్ అవుతుంది, ఆంప్‌లో హమ్ (గుయ్‌మనే మోత) మొదలవుతుంది.

అందుకే ఒక్కో పెడల్‌కి ఒక్కో ఆప్టోకప్లర్ పెట్టండి. పీసీ817 చాలు, నాలుగు కాళ్ళ చిన్న ఐసీ. లోపల ఒక ఎల్ఈడీ, ఎదురుగా ఒక ఫొటోట్రాన్సిస్టర్ ఉంటాయి. రెండింటి మధ్య దాటేది వెలుగే, వైరు కాదు. మూడు ఐసీల ఎల్ఈడీలనీ (1 ఆనోడ్, 2 కాథోడ్), టెంపో కనిపించడానికి ఒక ఎర్ర ఎల్ఈడీనీ, 470 ఓమ్‌ల రెసిస్టర్‌నీ, స్విచ్‌నీ వరసగా కలిపి 9 వోల్టుల సప్లైకి ఇవ్వండి. ఎల్ఈడీల దగ్గర సుమారు 5.6 వోల్టులు పోతాయి, మిగిలినదాంతో 7 మిల్లీఆంప్‌ల దాకా పారుతుంది, అది ధారాళంగా సరిపోతుంది. అవుట్‌పుట్ వైపు 4వ కాలు టిప్‌కి, 3వది స్లీవ్‌కి. తిరగేస్తే పనిచేయదు. డబ్బా లోహానిదైతే జాక్‌లు మాత్రం ప్లాస్టిక్ బాడీవే తీసుకోండి. లేకపోతే స్లీవ్‌లన్నీ డబ్బా ద్వారా కలిసిపోయి ఇంత పనీ దండగవుతుంది.

ఐసీలు, రెసిస్టర్లు, జాక్‌లు అన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఫుట్‌స్విచ్ దగ్గరే జాగ్రత్త. నొక్కినంతసేపే కలిసి ఉండే మొమెంటరీ రకం అడిగినా నొక్కితే అలాగే ఉండిపోయే లాచింగ్ రకం చేతిలో పెట్టేస్తుంటారు. మీటర్‌ని బీప్‌లో పెట్టి షాపులోనే చూసుకోండి, కాలు తీయగానే మోత ఆగాలి. దొరికితే క్లిక్ మనని సాఫ్ట్ టచ్ రకం కొనండి. ప్రార్థన మధ్యలో టక్ టక్ శబ్దం పక్కవాళ్ళకీ వినపడుతుంది.

కొన్ని పెడళ్ళు మామూలుగా కలిసి ఉండి, నొక్కినప్పుడు తెగే స్విచ్ కోరతాయి. బాస్ కంపెనీ ఫుట్‌స్విచ్ ఎఫ్ఎస్-5యూ మీద పొలారిటీ మార్చే చిన్న మీట ఉండేది ఇందుకే. మీ మూడింటిలో అలాంటిది ఉంటే మూడు కాళ్ళ స్విచ్ తీసుకుని, దాని రెండో కాంటాక్ట్‌కి (నొక్కనప్పుడు కలిసి ఉండేది) ఆ పెడల్ ఆప్టోకప్లర్ ఒక్కదాన్నీ 1కె (1000 ఓమ్‌ల) రెసిస్టర్‌తో విడిగా కలపండి. టీఆర్ఎస్ జాక్ (టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య రింగ్ అనే మూడో కాంటాక్ట్ ఉండేది) ఉన్న పెడల్ ట్యాప్‌ని రింగ్ మీద తీసుకుంటుందేమో మాన్యువల్‌లో చూడండి.

ఈ స్విచ్ మూడింటికీ ఒకే టెంపో చెబుతుంది కానీ, మూడింటినీ ఒకే గడియారానికి కట్టదు. 120 బీపీఎంలో (నిమిషానికి 120 బీట్లు) బీట్‌కి 500 మిల్లీసెకన్లు, డిలే డాటెడ్ ఎయిత్‌లో (ముప్పావు బీట్) ఉంటే 375. మీ ట్యాప్‌లని ఒక్కో పెడల్ తన పద్ధతిలో సగటు తీసుకుంటుంది కాబట్టి కాసేపటికి ట్రెమొలో బీట్ మీద నుంచి మెల్లగా జారుతుంది. పాట మారే చోట, కోరస్ ముందు మళ్ళీ నాలుగు సార్లు నొక్కడం అలవాటు చేసుకోండి. అదీ చాలదంటే, మీ పెడళ్ళకి మిడి (సంగీత పరికరాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) ఉంటే బీట్‌కి 24 పల్సులు పంపే మిడి క్లాక్‌కే వెళ్ళండి, అక్కడ ఈ జారడం ఉండదు.