పెద్ద సంఖ్య లక్షణాలను రాబట్టే తీరు

చిరంజీవి సౌమ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఒక పెద్ద సంఖ్య లక్షణాలను రాసి తీసుకురమ్మని కళాశాలలో చెప్పారనీ, 3,35,50,336ను ఎంచుకున్నాననీ రాశావు. మంచి సంఖ్యనే పట్టుకున్నావు.

మొదట దానిని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టు. తక్కిన వర్గీకరణ అంతా అందులోనుంచే వస్తుంది. 2తో పన్నెండు సార్లు నిశ్శేషంగా భాగించాక 8191 మిగులుతుంది. అది ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చకుండా ముందుకు వెళ్లవద్దు. దాని వర్గమూలం 91కి లోపే కనుక 89 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడవచ్చు గాని, అంత శ్రమ అక్కరలేదు. 8191 అంటే 2¹³ − 1. 13 ప్రధాన సంఖ్య కాబట్టి, దీనిని భాగించగల ఏ ప్రధాన సంఖ్యనైనా 26తో భాగిస్తే శేషం 1 రావాలి. ఆ హద్దులో అలాంటివి 53, 79 మాత్రమే. వాటితో భాగిస్తే వరుసగా 29, 54 శేషాలు వస్తాయి కనుక 8191 ప్రధాన సంఖ్యే.

ఇక 2¹² × 8191 అనే రూపాన్ని బట్టి భాజకాలు 13 × 2, అంటే 26. వాటి మొత్తం 8191 × 8192 = 6,71,00,672; ఇది మన సంఖ్యకు సరిగ్గా రెట్టింపు. తనను మినహాయించి మిగిలిన భాజకాలను కూడితే మళ్లీ తానే వస్తుంది కనుక ఇది పరిపూర్ణ సంఖ్య. 6, 28, 496, 8128 తరువాత అయిదవది. 2ⁿ − 1 ప్రధాన సంఖ్య అయినప్పుడు 2ⁿ⁻¹ × (2ⁿ − 1) రూపంలోని సంఖ్యలు పరిపూర్ణాలని ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ నిరూపించగా, సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ రూపంలోనే ఉంటాయని ఎన్నో శతాబ్దాల తరువాత స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ చూపాడు. మొదటి నాలుగింటికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలు ఉండడం చూసి ఆ వరుస అలాగే సాగుతుందని పూర్వులు అనుకున్నారు. అయిదవదానికి ఎనిమిది అంకెలు వచ్చాయి. 11 ప్రధాన సంఖ్యే అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89 కావడం వల్ల మధ్యలో ఒకటి తప్పిపోయింది. ఈ సంగతిని నీ వ్యాసంలో విడిచిపెట్టవద్దు.

1 నుంచి 8191 వరకు కూడినా, 1 నుంచి 127 వరకు ఉన్న బేసి సంఖ్యల ఘనాలను కూడినా ఇదే సంఖ్య వస్తుంది. అంకెల మొత్తం 28, అదీ పరిపూర్ణ సంఖ్యే! అయితే అది పది ఆధారంగా రాయడం వల్ల కలిసి వచ్చిన ముచ్చట మాత్రమే కనుక దానికి ఒక వాక్యం చాలు. 0, 1 అంకెలతోనే రాసే ద్విసంఖ్యామానంలో పదమూడు ఒకట్లు, ఆ తరువాత పన్నెండు సున్నాలు రావడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఈ సంఖ్యను ఎన్ని వర్గాల మొత్తంగా రాయవచ్చో కూడా పరీక్షించు. వర్గాన్ని 8తో భాగిస్తే శేషం 0, 1, 4లలో ఒకటి కావాలి. 8191కి 7 వస్తుంది కనుక మూడు వర్గాలు చాలవు. మన సంఖ్య 8191ని 4తో ఆరుసార్లు గుణించినదే; 4తో ఎన్నిసార్లు గుణించినా ఆ ఆటంకం తొలగదు. 8191 = 90² + 9² + 3² + 1² కాబట్టి, ఈ నాలుగు సంఖ్యలనూ 64తో గుణించి, వర్గాలు చేసి, కూడి సరిచూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న