పాఠకుల ప్రశ్నలు: న్యూక్లియర్ ఫార్మసిస్ట్‌కు లైసెన్స్ ఎవరిస్తారు?

ప్రశ్న: నేను ఫార్మ్-డి నాలుగో సంవత్సరం. న్యూక్లియర్ ఫార్మసిస్ట్ కావాలని ఉంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే 'న్యూక్లియర్ ఫార్మసిస్ట్ లైసెన్స్' ఇప్పిస్తామని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఫీజు కట్టాలా?
— ఒక పాఠకురాలు, నకిరేకల్

జవాబు: కట్టకమ్మా. న్యూక్లియర్ ఫార్మసిస్ట్ అంటే స్కాన్లకూ చికిత్సకూ వాడే రేడియోధార్మిక మందులు తయారుచేసే ఫార్మసిస్ట్. మన దేశంలో ఆ పేరుతో మనిషికి ఇచ్చే లైసెన్స్ లేదు, లేనిదాన్ని ఎవరైనా ఎలా ఇప్పిస్తారు? ఇక్కడ లైసెన్స్ తీసుకునేది ఆసుపత్రి. ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అనే సంస్థ. 1983లో ఏర్పడింది, ముంబైలో ఉంది. దరఖాస్తులన్నీ ఈ-లోరా అనే వాళ్ల ఆన్‌లైన్ వ్యవస్థలోనే నడుస్తాయి. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం పెట్టాలంటే అర్హత ఉన్న డాక్టరు, టెక్నాలజిస్టు, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉన్నారని ఆసుపత్రి చూపించాలి. వీళ్లలో సేఫ్టీ ఆఫీసర్‌కు మాత్రం పరీక్ష, ఏఈఆర్‌బీ ఆమోదం విడిగా ఉంటాయి. ఫార్మసిస్టుగా రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉండాల్సిందే, కానీ అదొక్కటే చూసి ఎవరూ హాట్ ల్యాబ్‌లోకి (ఆ మందులు తయారుచేసే గది) రానివ్వరు.

మరి దారేది అంటే, బార్క్‌కు (భాభా అణు పరిశోధన కేంద్రం) చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ముంబై పరేల్‌లో 1963 నుంచీ ఉంది. ఈ రంగంలో మన దేశానికి పాత బడి అదే. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ కింద హాస్పిటల్ రేడియోఫార్మసీలో ఎమ్మెస్సీ ఉంది, ఫార్మసీ వాళ్లకు అన్నిటికన్నా దగ్గరి చదువు అదేనని నా అభిప్రాయం. సీట్లు కొన్నే ఉంటాయి, కాబట్టి ప్రకటన రాగానే అర్హతలు చదివి దరఖాస్తు పెట్టండి.

ఈ పని ఆన్‌లైన్‌లో రాదని ఎందుకంటున్నానో కూడా చెప్తాను. పొద్దున్నే మాలిబ్డినం జనరేటర్ (మాలిబ్డినం క్షీణించి టెక్నీషియంగా మారుతుండే పరికరం) నుంచి టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం తీయాలి (ల్యాబ్‌లో దీన్ని మిల్కింగ్ అంటారు), అందులోకి మాలిబ్డినం జారిందేమో చూడాలి, కోల్డ్ కిట్‌లో (రేడియోధార్మికత లేని మందు సీసా) కలపాలి, టెక్నీషియం ఆ మందుకు సరిగ్గా అంటుకుందో లేదో పరీక్షించాలి, రోగికో డోసు లెక్కగట్టి సీసపు కవచంలో పెట్టాలి. టెక్నీషియం ఆరు గంటల్లో సగమైపోతుంది. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 అయితే 110 నిమిషాల్లోనే సగం. హైదరాబాద్ సైక్లోట్రాన్‌లో (ఫ్లోరిన్-18ను తయారుచేసే యంత్రం) తయారైన డోసు నల్గొండకు చేరేసరికి దాదాపు సగం మిగులుతుంది, ఆ తేడా ముందే లెక్కలో వేసి పంపాలి. చేతులు అలవాటు పడాల్సిన పని ఇది, ఎవరో ఒక సీనియర్ పక్కన నిలబడి నేర్పాలి.

ప్రశ్న: బీఫార్మసీ పూర్తయింది. మా అన్న డల్లాస్‌లో ఉన్నాడు. అమెరికాలో న్యూక్లియర్ ఫార్మసిస్ట్‌గా స్థిరపడొచ్చా?
— ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ముందు డిగ్రీ సంగతి చూసుకోండి తమ్ముడూ. 2003 నుంచి విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు కనీసం అయిదేళ్ల కోర్సు ఉండాలన్నది అక్కడి నిబంధన, మన బీఫార్మసీ నాలుగేళ్లే. ఆరేళ్ల ఫార్మ్-డి వాళ్లకు ఈ అడ్డు లేదు. ఆ గేటు దాటాక విదేశీ పట్టభద్రులకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్, ఇంటర్న్‌షిప్ గంటలు, ఫార్మసిస్ట్ లైసెన్స్ పరీక్ష నాప్లెక్స్, రాష్ట్రం అడిగే చట్టం పరీక్ష, ఇవన్నీ అయితే మామూలు ఫార్మసిస్ట్ లైసెన్స్ వస్తుంది.

ఆ పైన 'ఆథరైజ్డ్ న్యూక్లియర్ ఫార్మసిస్ట్' కావాలంటే 700 గంటల శిక్షణ. అందులో 200 గంటలు తరగతి, ల్యాబ్ (రేడియేషన్ భౌతికశాస్త్రం, రక్షణ, గణితం, రసాయనం, జీవశాస్త్రం), మిగతాదంతా న్యూక్లియర్ ఫార్మసీలో పర్యవేక్షణ కింద పని. చివర్లో మీకు స్వతంత్రంగా చేయగల సామర్థ్యం ఉందని ఒక అధీకృత న్యూక్లియర్ ఫార్మసిస్ట్ సంతకం చేయాలి. బోర్డ్ సర్టిఫికేషన్ వేరే దారి, అక్కడ 4,000 గంటల అనుభవం, పరీక్ష. ఫార్మసీలో అమెరికా మొట్టమొదట గుర్తించిన స్పెషాలిటీ న్యూక్లియర్ ఫార్మసీయే, 1978లో. అప్పు చేసి విమానం ఎక్కే ముందు మీ డిగ్రీ అక్కడ చెల్లుతుందో లేదో తేల్చుకోండి, ఎందుకంటే బీఫార్మసీతో వెళ్లి ఫార్మసీలో టెక్నీషియన్ పని దగ్గరే ఆగిపోవడం చాలా కష్టంగా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాద్ ఆసుపత్రి హాట్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. మా దిక్కు యురేనియం అంటేనే భయం. రేపు పెళ్లి, పిల్లలు అంటే ఏమవుతుందోనని ఒకటే టెన్షన్.
— ఒక తల్లి, అచ్చంపేట

జవాబు: అక్కా, నల్లమలలో యురేనియం వద్దని 2019లో మీరంతా గొంతెత్తిన సంగతి తెలుసు, ఆ భయానికి కారణముంది. ఈ ల్యాబ్‌లో వాడేది యురేనియం కాదు. గంటల్లోనో రోజుల్లోనో తగ్గిపోయే మందులు, అవీ అతి కొద్ది మోతాదులో. ఫ్లోరిన్ పేరు విని నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌ను గుర్తు చేసుకునేవాళ్లూ ఉన్నారు. స్కాన్‌లో వాడేది లెక్కకు రానంత తక్కువ, చివరికి ఆక్సిజన్‌గా మారిపోతుంది.

అమ్మాయి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జ్ పెట్టుకుంటుంది, ఎంత రేడియేషన్ తగిలిందో అది చెప్తుంది. పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ మోతాదును కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఆ రిపోర్టు చూసే హక్కు అమ్మాయిది, వచ్చిన ప్రతిసారీ అడిగి చూసుకోమనండి. బ్యాడ్జ్ సరిగా ఇవ్వని చోట, థైరాయిడ్ చికిత్సలో వాడే అయోడిన్-131తో పనిచేయిస్తూ ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని చోట మాత్రం ఎంత జీతమిచ్చినా వద్దు. గర్భం వచ్చిందని తెలిసిన రోజే సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పాలి, మొహమాటం పడొద్దు. కడుపులో బిడ్డకు పరిమితి 1 మిల్లీసీవర్టే, దానికి తగ్గట్టు పని మార్చాల్సిన బాధ్యత ఆసుపత్రిది.