గో స్టేషన్ పక్కనే ఇల్లు సరే, శనివారం రైలుందా?

"అన్నా, మాది కర్నూలు. సెప్టెంబరులో టొరంటో డౌన్‌టౌన్‌లో కాలేజీ. మిల్టన్‌లో బేస్‌మెంటు దొరికింది, గో స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకంట, అద్దె కూడా తక్కువే. అడ్వాన్సు పంపమంటున్నారు. పంపొచ్చా? అక్కడ రైల్వే పనులు జరుగుతున్నాయని కూడా విన్నా. మనకేమైనా ఇబ్బందా?"

తమ్ముడూ, అడ్వాన్సు ఇప్పుడే పంపకు. ముందు ఇది చదువు. గో అంటే టొరంటోకు చుట్టుపక్కల ఊళ్లను కలిపే రైళ్లు, బస్సుల సర్వీసు.

ఉగాదికి అనంతపురం వచ్చినప్పటి నుంచి నాకు ఇదే ప్రశ్న. జేఎన్టీయూ పిల్లలు, వెంట వాళ్ల నాన్నలు మా వరండాలో కూర్చుని ఫోన్లో గో మ్యాపు తెరిచి పెడతారు. ఏడు రంగుల గీతలు, ఏడూ టొరంటో డౌన్‌టౌన్‌లోని యూనియన్ స్టేషన్లోనే కలుస్తాయి. మ్యాపులో చూస్తే అన్నీ ఒకే బాపతు అనిపిస్తాయి. ఆ గీతల మీద రైళ్లు ఎప్పుడెప్పుడు తిరుగుతాయన్నది మ్యాపు చెప్పదు, ఇంటి ఓనరు అసలే చెప్పడు.

నువ్వు చూసిన మిల్టన్ లైనే తీసుకో. సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున టొరంటో వైపు, సాయంత్రం మిల్టన్ వైపు రైళ్లుంటాయి. అంతే. మధ్యాహ్నం క్లాసుకు పోవాలన్నా, శని ఆదివారాలు ఊర్లోకి రావాలన్నా గో బస్సే గతి. ఎందుకంటే ఆ పట్టాలు గో రైళ్లు నడిపే మెట్రోలింక్స్‌వి కావు, సీపీకేసీ అనే గూడ్సు రైళ్ల కంపెనీవి. వేరేవాళ్ల చేని గట్టు మీద నడిచి మన చేనికి పోయినట్టే అనుకో, వాళ్లు ఊ అన్నప్పుడే నడవాలి. ఆ లైన్లో రోజంతా రెండువైపులా రైళ్లు వస్తాయని ఏళ్ల తరబడి చెప్తూనే ఉన్నారు. వస్తే సంతోషమే, కానీ ఆ మాట నమ్మి ఏడాది లీజు రాయకు.

రిచ్‌మండ్ హిల్ లైన్ కూడా దాదాపు ఇదే బాపతు, ఆఫీసు వేళలకే. బ్రాంప్టన్ మీదుగా పోయే కిచెనర్ లైన్ నయం, పగటిపూట, వారాంతాల్లో కూడా రైళ్లుంటాయి. అయితే అందులోనూ బ్రాంప్టన్‌లోని బ్రామలీ స్టేషన్ దాటాక జార్జ్‌టౌన్ దాకా పట్టాలు సీఎన్ అనే ఇంకో గూడ్సు రైళ్ల కంపెనీవి, అందుకే బ్రామలీకి ఇవతల, టొరంటో వైపు రైళ్లు ఎక్కువ, అవతల తక్కువ. మనవాళ్లు ఎక్కువమంది బ్రాంప్టన్‌లోనే దిగుతారు కాబట్టి ఈ తేడా గుర్తుపెట్టుకో. అన్నిటికన్నా నమ్మకమైంది సరస్సు గట్టున పోయే లేక్‌షోర్. 1967లో గో సర్వీసు మొదలైంది ఆ గట్టునే. 2013 నుంచి పగలంతా అరగంటకొక రైలు, వారాంతమైనా సరే. అద్దె కొంచెం ఎక్కువ పడుతుంది, ఆ ఎక్కువకు అర్థముంది.

ఇక పనుల సంగతి. మన పేపర్లో "డబ్లింగ్ పనుల కారణంగా పలు రైళ్ల రద్దు, కొన్నింటి దారి మళ్లింపు" అని పడుతుంది చూడు, ధర్మవరం వైపో గుత్తి వైపో. టొరంటోలోనూ అదే కథ, కాకపోతే ఏళ్లకేళ్లు సాగే కథ. ఒంటి లైన్లను రెండు చేయడం, వంతెనలు, కొత్త ప్లాట్‌ఫారాలు, సిగ్నళ్లు. బ్యారీ లైన్లో గో రైలు గూడ్సు పట్టాలను నేల మీదే అడ్డంగా దాటేది, ఒకటి పోయేదాకా ఇంకొకటి ఆగాలి. దాని కోసం డావెన్‌పోర్ట్ దగ్గర పైనుంచి పోయేలా వంతెన కట్టారు. యూనియన్ స్టేషన్లోనేమో ప్లాట్‌ఫారాలు వెడల్పు చేసే పని. చివరికి ముఖ్యమైన లైన్లలో పదిహేను నిమిషాలకొక రైలు, అదీ కరెంటు మీద నడపాలన్నది ప్లాను. ఇప్పుడున్నవన్నీ డీజిల్ ఇంజన్లే, వెనక పన్నెండు దాకా డబుల్ డెక్కర్ బోగీలు. ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి టైము తింటాయి. వేయబోయేది మన రైల్వేలో ఉన్నట్టే 25 కిలోవోల్టుల కరెంటు. గుంతకల్లులో పుట్టినోడికి ఇందులో కొత్తేముంది!

ఆఫీసు జనానికి ఇబ్బంది కాకూడదని పెద్ద పనులన్నీ శని ఆదివారాలు, రాత్రుళ్లు, లాంగ్ వీకెండ్లలో పెట్టుకుంటారు. న్యాయమే. కానీ స్టూడెంటుకు పార్ట్‌టైం షిఫ్టు పడేది సరిగ్గా అప్పుడే. టిమ్ హార్టన్స్ కాఫీ షాపులో ఆదివారం పొద్దున ఆరుకు షిఫ్టంటే ఎవరూ రైలు టైము చూసి నిన్ను పెట్టుకోరు. అందుకే, పనుల వల్ల ఇబ్బందా అని అడిగావు కదా, ఐదు రోజుల ఉద్యోగికి పెద్దగా లేదు, నీకుంది.

పనుల కోసం లైను మూసిన రోజు రైలు బదులు బస్సు వేస్తారు, అదేమిటో కూడా చెప్తా. యూనియన్లో రైళ్లెక్కే హాలు వేరు, బస్ టెర్మినల్ వేరు. అక్కడి నుంచి బే స్ట్రీట్ వైపు నడవాలి. మూసివేత ఉన్న శనివారం పోయి చూడు: సూట్‌కేసులు, స్ట్రోలర్లు, సామాన్ల సంచులతో ఒక గుంపు రైళ్ల బోర్డు కింద నిలబడి తమ లైను పేరు కోసం వెతుకుతుంటుంది. బోర్డులో ఆ పేరే ఉండదు. పచ్చ కోటు వేసుకున్న మనిషి వచ్చి చెయ్యి చూపిస్తే గుంపంతా ఒక్కసారి అటు మళ్లుతుంది. అప్పటికి ముందు బస్సు నిండిపోయుంటుంది. మామూలు రోజుల్లో కూడా ప్లాట్‌ఫారం నంబరు రైలుకు కాసేపు ముందే పడుతుంది, మెట్ల దగ్గరలో నిలబడటం మంచిది.

బస్సుకు హైవే ట్రాఫిక్ తోడైతే రైలు టైముకు అరగంటో గంటో కలుపుకో. మంచు పడితే ఇంకా.

ఛార్జీ కట్టే ప్రెస్టో కార్డు సంగతి రెండు ముక్కలు. ఎక్కేటప్పుడు ట్యాప్ చేసి దిగేటప్పుడు మర్చిపోతే ఛార్జీ ఎక్కువ కోస్తారు. టీటీసీ, అంటే టొరంటో సిటీ బస్సులో ఒకసారి కొడితే చాలు, గోలో అట్ల కాదు. రైలు బదులు బస్సెక్కిన రోజు ట్యాప్ ఎక్కడ చేయాలో అక్కడున్న స్టాఫును అడిగేయ్, నామోషీ పడకు. ఫుల్‌టైం స్టూడెంటువి కాబట్టి గోలో నలభై శాతం తగ్గింపు ఉంటుంది, కానీ కాలేజీ రుజువు చూపించి కార్డు మీద పెట్టించుకోవాలి, దానంతట అది రాదు. 2024 ఫిబ్రవరి నుంచి గో దిగి టైములోపు టీటీసీ ఎక్కితే టీటీసీ ఛార్జీ పడదు, అదే కార్డు వాడాలి. శని ఆదివారాల్లో పది డాలర్ల పాసు తీసుకుంటే రోజంతా గోలో ఎంత తిరిగినా అంతే. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరాకు పనికొస్తుంది.

విమానాశ్రయం నుంచి యూనియన్‌కు యూపీ ఎక్స్‌ప్రెస్ ఉంది, ఇరవై ఐదు నిమిషాలు. నువ్వు దిగే రోజు వారాంతమైతే అది నడుస్తోందో లేదో ఇక్కడ బయల్దేరే ముందే చూసుకో. రెండు పెద్ద సూట్‌కేసులు, ఊరగాయ డబ్బాలతో అర్ధరాత్రి బస్సు వెతుక్కునే పని పెట్టుకోకు.

ఇప్పుడు నీ బేస్‌మెంటు. కాలేజీ టైంటేబుల్ వచ్చేదాకా ఆగు. క్లాసులన్నీ పొద్దున మొదలై సాయంత్రం ముగిసేలా ఉండి, పని కూడా మిల్టన్‌లోనే దొరికితే ఆ ఇల్లు మంచిదే, తీసుకో. లేదంటే గో సైటులో ట్రిప్ ప్లానర్ తెరువు. తేదీ వచ్చే ఆదివారం పెట్టు, టైము రాత్రి తొమ్మిది పెట్టు, యూనియన్ నుంచి మీ స్టేషన్‌కు ఎట్ల రావాలో చూడు. తర్వాత బుధవారం మధ్యాహ్నానికి కూడా అట్లే చూడు. సర్వీసు మార్పుల పేజీలో ఆ లైను పేరు ఎన్ని వారాంతాల్లో కనిపిస్తోందో వెతుకు. స్టేషన్ నుంచి ఇంటికి లోకల్ బస్సు ఆదివారం ఎంతసేపటికొకటి వస్తుందో చూడు, ఐదు నిమిషాల నడక అన్నది ఓనరు కారులో కొలిచిందేమో. ఈ స్క్రీన్‌షాట్లు నాకు వాట్సాప్ చెయ్యి, అప్పుడు అడ్వాన్సు మాట మాట్లాడదాం.