మా బావిలో పడిన నల్లరాయి గ్యాస్ ఇచ్చే షేలేనా?

గరివిడి దగ్గర మీ పొలంలో బావి తవ్వుతుండగా చేతికి మసిలా అంటుకునే నల్లరాయి పడిందని, అది సహజవాయువునిచ్చే షేల్ (బంకమన్ను పేరుకుని గట్టిపడిన పొరల రాయి) అవునో కాదో ఎలా తేల్చాలని అడిగారు. నాది చీపురుపల్లి. కృష్ణా-గోదావరి బేసిన్ చమురు, గ్యాస్ బావుల నుంచి తీసిన రాతి నమూనాలను పరీక్షించే ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేశాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీ రాయి గ్యాస్ ఇవ్వదు. మన ప్రాంతంలో ఉండే ఖోండలైట్ అనే రాయి కూడా ఒకప్పుడు బంకమన్నుగా పేరుకున్నదే. కానీ దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో సుమారు 900 డిగ్రీల వేడికి గురికావడంతో, గ్యాస్ పుట్టించాల్సిన అందులోని సేంద్రియ పదార్థం గ్రాఫైట్‌గా మారిపోయింది. కాగితం మీద రాస్తే పెన్సిల్ గీతలా బూడిదరంగులో మెరిసి, వేళ్లకు జారుడుగా తగిలితే అది గ్రాఫైట్ కావచ్చు. మెరుపు లేని నల్లమసి అంటితే మాంగనీసు కావచ్చు. మాంగనీసు అయితే ఆ నీటిని తాగే ముందు తప్పక పరీక్ష చేయించండి.

నిజమైన షేల్‌లో మేము మొదట చూసేది సేంద్రియ కార్బన్ శాతం. సాధారణంగా అది 2 శాతానికి పైగా ఉండాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక నమూనాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగకుండానే యంత్రంలో పెట్టాను. 4 శాతం దాటిన ఫలితం చూసి ఎంతో సంతోషించాను. సున్నపు పదార్థంలోని కార్బన్ కూడా అందులో కలిసిందని మా పై అధికారి గుర్తించి మళ్లీ చేయించగా, అది 1 శాతం దగ్గర ఆగింది. ఆ రోజు నుంచి ఆమ్లంతో కడగని నమూనా అంకెను నేను నమ్మలేదు.

శాతం బాగున్నా, రాయి తగినంత ఉడికి ఉండాలి. రాతిలో పాత మొక్కల నుంచి మిగిలిన విట్రినైట్ అనే కణాలు కాంతిని ఎంత శాతం ప్రతిఫలిస్తాయో సూక్ష్మదర్శినిలో కొలుస్తాము: 0.6 దాటితే నూనె పుట్టే దశ, సుమారు 1.3 దాటితే గ్యాస్ దశ. ఇవి రెండూ బాగున్నా, రాతిలో బంకమన్ను శాతం ఎక్కువైతే, గ్యాస్ బయటికి రావడానికి నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టినా పగుళ్లు నిలవక మూసుకుపోతాయి. క్వార్ట్జ్ ఎక్కువున్న పెళుసు రాయి మేలు. చివరికి, బావిలోంచి పైకి తీసిన కోర్‌ను (గుండ్రటి రాతి కడ్డీని) వెంటనే గాలి చొరని డబ్బాలో మూసి, భూగర్భంలో ఉన్నంత వేడిలో ఉంచి, రాయి విడిచే గ్యాస్‌ను కొలుస్తాము. కోర్‌ను పైకి లాగే సమయంలో తప్పించుకున్న గ్యాస్‌ను లెక్కగట్టి కలపాలి గనుక, డబ్బా మూత బిగించిన నిమిషాన్ని కూడా మేము పుస్తకంలో రాసుకునేవాళ్లం.