‘రెండవ పులకేశి’ అనాలా, ‘పులకేశి-2’ అనాలా?

సందేహం: చరిత్రలో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ప్రసిద్ధులు కనిపిస్తారు. వాళ్ల గురించి రాసేటప్పుడు కొందరు ‘రెండవ పులకేశి’ అంటే, కొందరు ‘పులకేశి-2’ అంటున్నారు. ఏది సరైనది? ‘రెండో’ అని రాయవచ్చా?

సమాధానం: ‘రెండవ పులకేశి’ అనే రాయండి. తెలుగులో వరుస చెప్పే మాట పేరుకు ముందు వస్తుంది. ‘రెండో’ కూడా తప్పు కాదు, వాడుకలో బాగా స్థిరపడింది. ఒక వ్యాసంలో మాత్రం రెండిటిలో ఏదో ఒకటే వాడండి.

‘పులకేశి-2’ను పైకి చదివి చూడండి. ‘పులకేశి రెండు’ అనో ‘పులకేశి టూ’ అనో వస్తుంది, సినిమా రెండో భాగం పేరులాగా. పేరు తర్వాత అంకె పెట్టే పద్ధతి వస్తువులకు నప్పుతుంది. మన ఉపగ్రహాలనే తీసుకోండి. 1979లో భాస్కర-1ను, 1981లో భాస్కర-2ను ప్రయోగించారు. కాబట్టి ‘భాస్కర-2’ అంటే ఉపగ్రహం. 1114లో పుట్టి ‘లీలావతి’ రాసిన గణితవేత్త ‘రెండవ భాస్కరుడు’. ఆయనను భాస్కరాచార్యుడు అన్నా అందరికీ తెలుస్తుంది. మొదటి భాస్కరుడు 7వ శతాబ్దం వాడు.

అసలు చిక్కు అంకె ఎక్కడ పెట్టాలన్నది కాదు, ఆ అంకె దేన్ని లెక్కపెడుతోందన్నది. మన రాజుల విషయంలో అది ఒక్క వంశానికే చెందిన లెక్క. మౌర్య చంద్రగుప్తుడు క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం వాడు. అయినా ‘మొదటి చంద్రగుప్తుడు’ అంటే ఆయన కాదు. ఆరువందల ఏళ్లకు పైగా గడిచాక వచ్చిన గుప్తవంశపు రాజు. ఈ ఇద్దరినీ కలిపేసిన వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అందుకే మొదటిసారి ప్రస్తావించినప్పుడు వంశం పేరు కూడా చెప్పితీరాలి. కాకతీయ ప్రతాపరుద్రుడు, గజపతి ప్రతాపరుద్రుడు అని రాస్తే అంకెతో పనే లేదు. 1323లో ఓరుగల్లు పోగొట్టుకున్నది కాకతీయ రాజు, శ్రీకృష్ణదేవరాయలతో పోరాడింది గజపతి రాజు.

ఒకే మనిషికి రెండు అంకెలు ఉండటం కూడా ఉంది. స్కాట్లండ్‌ను ఏలుతున్న ఆరవ జేమ్స్ 1603లో ఇంగ్లండ్‌కు మొదటి జేమ్స్ అయ్యాడు. ఇలాంటప్పుడు దేశం పేరు తప్పనిసరి.

రాజులు కానివారికి సాధారణంగా వృత్తి చాలు: తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ (1561–1626), చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ (1909–1992). ఇక బహువచనం సంగతి. ‘ఇద్దరు చంద్రగుప్తులు’, ‘భాస్కరులిద్దరూ’ అనడం చక్కని తెలుగు. ‘ఇద్దరు ఫ్రాన్సిస్ బేకన్లు’ మాత్రం చెవికి ఇబ్బందిగా ఉంటుంది. అక్కడ ‘ఫ్రాన్సిస్ బేకన్ అనే పేరుగల ఇద్దరు’ అనండి.