సిస్టరమ్మ జవాబులు: చూసిన వేళ, రాసిన వేళ

ప్రభుత్వాసుపత్రుల్లో చాలా ఏళ్లు పనిచేసి, నర్సింగ్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్న సిస్టరమ్మ మీ ప్రశ్నలకు జవాబులిస్తారు. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంప్యూటర్లు, మిషన్ల గురించే వచ్చాయి. అందుకే ఈసారి చోటంతా వాటికే.

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా వార్డుకు కంప్యూటర్ వచ్చింది. బీపీ, పల్స్, టెంపరేచర్, ఇచ్చిన మందులు అన్నీ అందులో ఎక్కించాలి. రిజిస్టరు మాత్రం తీసేయలేదు, అందులోనూ రాయాలి. కంప్యూటర్ కౌంటర్ దగ్గర ఒక్కటే ఉంది. నైట్ డ్యూటీలో ఇద్దరమే ఉంటాం. అందుకని అరచేతి మీదో చిత్తు కాగితం మీదో రాసుకుని, తెల్లవారుజామున అందరివీ ఒకేసారి ఎక్కిస్తున్నాం. సీనియర్లు కూడా అలాగే చేయమంటారు. ఇది తప్పా? పాత కేస్ షీట్లే నయమనిపిస్తోంది.
– పేరు వద్దన్న సోదరి, హనుమకొండ

జవాబు: తప్పేనమ్మా. కానీ ఆ తప్పంతా మీ నెత్తిన వేయను. ముందు మీ చివరి మాట సంగతి చూద్దాం. పాత కేస్ షీట్లే నయమనేవాళ్లు వాటిని ఎన్నడూ చదవనివాళ్లయినా కావాలి, చదివిన బాధ మరిచిపోయినవాళ్లయినా కావాలి. మా కాలంలో అర్ధరాత్రి డాక్టరు గారి రాత పట్టుకుని ముగ్గురు సిస్టర్లు ట్యూబులైటు కింద నిలబడి అది ఏ మందో తేల్చుకోవలసి వచ్చేది. ఇన్సులిన్ నాలుగు యూనిట్లని అంకె వేసి, పక్కన ఇంగ్లీషు ‘యూ’ అక్షరాన్ని గబగబా రాస్తే అది సున్నాలా కనిపించి 40 అవుతుంది. ‘5.0’ అని రాస్తే చుక్క కాగితం మడతలో కలిసిపోయి 50 అవుతుంది. చుక్క తరవాత సున్నా వేయవద్దని, యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయమని చెప్పి చెప్పి నా గొంతు పోయింది. టైపు చేసిన ఆర్డరులో ఈ గొడవ చాలామటుకు తీరింది. ఆ ఒక్క మేలుకే కంప్యూటరుకు దండం పెడతాను.

ఇక వేళ సంగతి. రాత్రి 2 గంటలకు ఒక పేషంటుకు శ్వాస నిమిషానికి 26, పల్స్ 118 ఉన్నాయనుకోండి. జ్వరం లేదు, బీపీ బాగానే ఉంది, మనిషి మాట్లాడుతున్నాడు. ఎవరూ కంగారుపడరు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ముందస్తు హెచ్చరికల పట్టిక ఒకటి తెచ్చింది. శ్వాస, ఆక్సిజన్ శాతం, పైనుంచి ఆక్సిజన్ ఇస్తున్నారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్, ఈ ఏడింటికీ మార్కులు వేసి కూడతారు. శ్వాస 25 గానీ అంతకు మించి గానీ ఉంటే 3 మార్కులు. పల్స్ 111 నుంచి 130 మధ్య ఉంటే 2. మన పేషంటుకు ఆ రెండింటితోనే 5 వచ్చాయి. 5 వస్తే డాక్టరును వెంటనే పిలవాలి, 7 వస్తే అత్యవసరం. ఈ కూడిక చేసి ఎర్ర గీత చూపించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. మీరు 2 గంటలకే ఎక్కిస్తే అది అప్పుడే చెబుతుంది. 5:40కి ఎక్కిస్తే మూడున్నర గంటలు దాటాక చెబుతుంది. ఆపాటికి పేషంటు పరిస్థితే ఆ మాట చెప్పేసి ఉంటుంది.

మీరు ఒప్పుకోకపోవచ్చు గానీ, ఆ పట్టికలో మనం అందరికంటే ఎక్కువ అబద్ధం రాసేది శ్వాస గడిలోనే. ఏ వార్డుకైనా వెళ్లి చూడండి, ముప్పై మంది ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నట్టు అందరికీ 20 అనే ఉంటుంది. మామూలు వార్డులో పల్స్, బీపీ, ఆక్సిజన్ మిషను చూపిస్తుంది. శ్వాసను మాత్రం మంచం పక్కన నిలబడి నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టాలి. తెల్లవారుజామున కౌంటర్ దగ్గర కూర్చుని ఎక్కించేవాళ్లకు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

పని భారం సంగతి తెలియక ఇదంతా అనడం లేదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం టొపీకాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో గ్లెన్నా సూ కినిక్ అనే నర్సు ఉండేవారు. 1990ల మొదట్లో అద్దె కారు తిరిగి అప్పగిస్తుండగా అక్కడి మనిషి చేతి మిషనుతో కారు మీది బార్‌కోడ్ గీతలు చదవడం చూశారు. కారుకు ఉన్న జాగ్రత్త పేషంటుకు ఎందుకు ఉండకూడదని ఆమెకు తోచింది. పేషంటు చేతి పట్టీ మీద, మందు మీద బార్‌కోడ్ చదివి, రెండూ సరిపోతేనే మందు ఇచ్చే పద్ధతి అక్కడ అలా మొదలైంది. బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వేళ తప్పడం కాకుండా మందులు ఇవ్వడంలో జరిగే మిగతా పొరపాట్లు ఈ పద్ధతి వల్ల 41 శాతం తగ్గాయని తేలింది. చూశారా, పని చేసే మనిషికి తోచిన పద్ధతి అది, కౌంటర్ దగ్గర కాక మంచం దగ్గర పుట్టింది.

అదే దేశంలో 2008లో ఇంకో అధ్యయనం వచ్చింది. నర్సులు ఆ బార్‌కోడ్‌ను ఎన్ని రకాలుగా తప్పించుకుంటున్నారో పరిశోధకులు లెక్కపెడితే 15 రకాలు తేలాయి. అదనపు పట్టీలు అచ్చు వేయించి వేరే చోట అంటించుకుని అక్కడే గీతలు చదివించడం వాటిలో ఒకటి. బద్ధకం వల్ల కాదు. బ్యాటరీ అయిపోవడం, వైఫై అందకపోవడం, పట్టీ మీద గీతలు చెరిగిపోవడం, ఇలా 31 కారణాలు రాశారు. నిలబడి చేసే పనికి కూర్చుని వాడే మిషను ఇస్తే ఎవరైనా అడ్డదారి వెతుక్కుంటారు. మీ వార్డులో జరుగుతున్నది కూడా అదే.

అందుకని మీ ఇన్‌చార్జ్ సిస్టర్ ద్వారా యాజమాన్యానికి కాగితం మీద రాసి అడగండి: చక్రాల బల్ల మీద ఒక లాప్‌టాప్, లేదంటే ఒక ట్యాబ్. రిజిస్టరులో రాసిందే మళ్లీ కంప్యూటర్లో ఎందుకో కూడా అడగండి. కరెంటు పోయినప్పుడు, సర్వర్ ఆగినప్పుడు వాడే కాగితం ఒకటి ఉంటే చాలు. అవి వచ్చేలోగా, అందరికంటే బాగాలేని ఇద్దరు ముగ్గురి అంకెలైనా చూసిన వెంటనే ఎక్కించండి. మిగతావాళ్లవి ఆలస్యమైతే చూసిన వేళ కూడా రాసి, ఆలస్యంగా ఎక్కించినట్టు స్పష్టంగా పెట్టండి. చాలా సాఫ్ట్‌వేర్లు మీరు చెప్పిన వేళతో పాటు టైపు చేసిన వేళనూ దాచుకుంటాయి. రేపు ఏదైనా కేసు అయితే వకీలు అడిగేది ఆ రెండో వేళే. మీ పాస్‌వర్డు పక్క సిస్టరుకు ఇవ్వవద్దు, ఆమె ఎంత మంచిదైనా సరే. అరచేతి మీద రాయడం ఈ రోజే మానేయండి, ఆ చేయి కడుక్కోవాలి కదా!

ప్రశ్న: అమ్మా, పోయిన సీజన్లో పత్తి చేనుకు మందు కొడుతూ మా నాన్న పడిపోయారు. వరంగల్‌లో ఒక ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. అద్దంలోంచి చూస్తుంటే మిషను మోగుతూనే ఉండేది. సిస్టర్ వచ్చి బటన్ నొక్కి వెళ్లిపోయేది, మళ్లీ మోగేది. నాన్న బాగయ్యారు, ఇప్పుడు ఫిర్యాదు చేయాలని కాదు. అది నిర్లక్ష్యమా, మామూలేనా?
– ఒక రైతు కొడుకు, నర్సంపేట

జవాబు: నాన్నగారు బాగయ్యారు, సంతోషం బాబూ. అక్కడ లేను కాబట్టి తీర్పు చెప్పలేను. అయితే పురుగుమందు కేసులో మిషను ఎందుకంతగా మోగుతుందో చెప్పగలను. ఈ పత్తి నేలలో పనిచేసిన నర్సు ఎవరైనా చెప్పగలదు.

పత్తికి కొట్టే మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకం ఒంట్లోకి పోతే నోట్లో నురగ, చెమట, ఊపిరితిత్తుల్లో నీరు, బాగా చిన్నదైపోయిన కంటిపాప కనిపిస్తాయి, పల్స్ పడిపోవచ్చు. దానికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. ఊపిరితిత్తులు పొడిబారేవరకు, పల్స్ 80 దాటేవరకు పెంచుతూ పోతారు, తరవాత మందును కొద్దికొద్దిగా ఎక్కించే పంపు మీద సన్నగా నడుపుతారు. ఈ మందు పల్స్‌ను పైకి తోస్తుంది, అది దాని పనే. మానిటర్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. పల్స్ 120 దాటితే మోగమని ముందే పెట్టి ఉంటే, 121 కాగానే మోగుతుంది. అంటే మీ నాన్నగారికి మందు పని చేస్తున్నప్పుడు కూడా ఆ మిషను మోగుతూ ఉండవచ్చు.

సరైన పని బటన్ నొక్కడం కాదు. డాక్టరును అడిగి ఆ పేషంటుకు తగ్గట్టు హద్దులు మార్చడం. మార్చకపోతే ఏమవుతుందో కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో లెక్కగట్టారు. 77 పడకల ఐసీయూల్లో 31 రోజుల పాటు నమోదు చేస్తే, శబ్దంతో వచ్చిన అలారాలు రోజుకు పడకకు 187. గుండె లయ తప్పిందని మోగినవాటిలో పరిశోధకులు విడిగా పరిశీలించిన వాటిలో దాదాపు 89 శాతం ఉత్తుత్తివే. ఆ మోతలో ఎనిమిది గంటలు నిలబడిన మనిషి చెవి దానంతట అదే మూసుకుపోతుంది. నిజం అలారం వచ్చినప్పుడు కూడా అలాగే ఉంటుంది. భయపడవలసింది అక్కడే.

ఈసారి అలాంటి చోట ఉంటే సిస్టరును కోప్పడకండి, ఒక్క ప్రశ్న అడగండి: “సిస్టర్, ఇది దేనికి మోగుతోంది?” మంచి సిస్టరయితే ఆగి చెబుతుంది. అట్రోపిన్ మీద ఉన్న పేషంటు విషయంలో ఆమె మానిటర్ కంటే ఎక్కువగా చూడవలసినవి కంటిపాప, చంకలో తడి, ఛాతీ శబ్దం, పొట్ట కదలిక, ఒంటి వేడి. మందు ఎక్కువైతే మనిషి కలవరిస్తాడు, ఒళ్లు కాలిపోతుంది. ఆ గంటగంటకూ రాసే ఛార్టు ఉందా అని చూడండి. అది ఉంటే బటన్ నొక్కినా నేను క్షమిస్తాను. లేకపోతే మిషను మోగకపోయినా క్షమించను.

ప్రశ్న: ఏటూరునాగారం వైపు ఏఎన్‌ఎంగా చేస్తున్నాను. ట్యాబ్‌లో గర్భిణుల వివరాలు ఎక్కించాలంటే గూడేల్లో సిగ్నల్ ఉండదు. ఆభా నంబరు ఎందుకు, రేషన్ తీసేస్తారా అని కొందరు భయపడుతున్నారు. ఏం చెప్పాలి?
– ములుగు జిల్లా

జవాబు: మీరు వివరాలు ఎక్కించే అన్‌మోల్ యాప్ సిగ్నల్ లేకపోయినా వాటిని తీసుకుంటుంది, తరవాత సిగ్నల్ ఉన్న చోట పైకి పంపుతుంది. కాబట్టి ఇంటి ముందు కూర్చునే ఎక్కించండి, పీహెచ్‌సీలో మీటింగుకు వచ్చిన రోజు సింక్ చేయండి. సింక్ కాకుండా ట్యాబ్ ఎవరికీ ఇవ్వవద్దు. చివరి నెలసరి తేదీ దగ్గర మాత్రం తొందరపడవద్దు. కాన్పు తేదీ మొత్తం దాని మీదే నడుస్తుంది. తేదీ గుర్తులేని ఆమెను ఏ పండగ ముందో, ఏ జాతర తరవాతో అని అడిగితే గుర్తు తెచ్చుకుంటుంది.

ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య, రేషన్‌తో సంబంధం లేదు. తీసుకోవడం ఎవరి ఇష్టం వారిది, వద్దంటే బలవంతపెట్టకండి. ఉపయోగం చెప్పాలంటే మేడారం జాతర సంగతి చెప్పండి. ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు క్యాంపుకు మోసుకురాబడతారు. సుగర్ ఉందో, ఫిట్స్ ఉన్నాయో, ఏ మందులు వాడుతున్నారో చెప్పే మనిషి జనంలో తప్పిపోయి ఉంటాడు. జాతర డ్యూటీ చేసిన మాకు ఆ ఇబ్బంది తెలుసు. పాత వివరాలు ఆ నంబరుకు కలిపి ఉండి, పేషంటు ఒప్పుకుంటే అక్కడి డాక్టరు చూడగలుగుతారు. కలపకపోతే అది వట్టి నంబరే, ఆ మాట కూడా దాచకుండా చెప్పండి.

ప్రశ్న: ఇంట్లో ఆక్సిమీటర్ అమ్మకు ఒకసారి 97, ఒకసారి 88 చూపిస్తోంది. ఏది నమ్మాలి?
– కరీంనగర్

జవాబు: గోళ్లకు రంగు ఉంటే తుడవండి. నల్ల మెహందీ ఉంటే వేరే వేలు పెట్టండి. చేయి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. కదలకుండా ఉంచి, అంకె నిలకడపడ్డాక చూడండి. చామనఛాయ, నలుపు ఒంటిరంగు ఉన్నవాళ్లలో ఇది కొన్నిసార్లు అసలు కంటే ఎక్కువ చూపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరించింది. మనలో ఎక్కువమందిది ఆ రంగే. అందుకని 97 వచ్చినా అమ్మ ఆయాసపడుతుంటే, పెదవులు నీలంగా ఉంటే, మాట పూర్తిచేయలేకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఇవన్నీ సరిచూశాక కూడా 88 వస్తే ఏ లక్షణమూ లేకపోయినా తీసుకువెళ్లండి.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. ఇన్ఫర్మాటిక్స్ అని ఒక సబ్జెక్టు పెట్టారు. నర్సుకు ఇది ఎందుకు? పాసైతే చాలు కదా?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: పేషంట్ల వివరాలను కంప్యూటర్లో నమోదు చేసి వాడుకోవడం గురించి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సెమిస్టర్ పద్ధతి తెచ్చినప్పుడు పెట్టిన పాఠం అది. మా రోజుల్లో ఉంటే బాగుండేది. కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోనక్కరలేదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఆ బల్ల దగ్గర అకౌంట్స్ వాళ్లు, కంపెనీ వాళ్లు కూర్చుంటారు. రోజంతా దాన్ని వాడే నర్సు ఉండదు. ఆ బల్ల దగ్గర కుర్చీ అడగగలిగేంత చదువుకో. లెక్క కూడా మరిచిపోకు. 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు? పంపు పాడైన రాత్రి 42 అని నోటికి రావాలి.

ప్రశ్న: నర్సుల బదులు రోబోలు వస్తాయా?
– మంచిర్యాల

జవాబు: జపాన్‌లో రికెన్ పరిశోధన సంస్థ వాళ్లు 2015లో ఎలుగుబంటి ముఖంతో ఒక రోబోను చూపించారు. దాని పని మంచం మీది మనిషిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం. బరువు 140 కిలోలు. వస్తే రానివ్వండి, నా నడుము నొప్పికి కారణమైన పని అదొక్కటే. మా పాత ఆసుపత్రి లిఫ్టులో దాన్ని రెండో అంతస్తుకు ఎక్కించేదెవరో మాత్రం ముందే మాట్లాడుకోవాలి.