తమ్ముడి ఉమ్ము, ఇంటిల్లిపాది గుట్టు

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు పూర్వీకుల్నీ చుట్టాల్నీ చెప్పే డీఎన్‌ఏ కిట్ కొని ఆ కంపెనీకి ఉమ్ము పంపిస్తాడట, వద్దంటే నా ఒళ్లు నా ఇష్టం అంటున్నాడు, మమ్మల్ని అడగక్కర్లేదా అండీ?
– ఓ అక్క, తెనాలి

జవాబు: చట్టం ప్రకారం అక్కర్లేదమ్మా, మన దేశపు 2023 వ్యక్తిగత డేటా చట్టం కూడా హక్కులు మనిషికే ఇచ్చింది, కుటుంబానికి కాదు. కానీ తోబుట్టువుల డీఎన్‌ఏ సుమారు సగం కలుస్తుంది కదా, వాడి సంతకంతో మీ గుట్టూ పోయినట్టే. 2018లో కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి దొరకని హంతకుడి ఆచూకీ తెలిసింది దూరపు చుట్టాల డీఎన్‌ఏతోనే (అది మంచికే అయిందనుకోండి). పైగా ఇచ్చిన శాంపిల్ దేనికి వాడతారో చెప్పలేం: అమెరికాలోని అరిజోనాలో హవాసుపాయ్ అనే ఆదివాసీ తెగవాళ్లు షుగర్ రీసెర్చ్ అంటే రక్తమిచ్చారు, యూనివర్సిటీ వాళ్లేమో స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు రీసెర్చ్‌కీ వాడేశారు, తెగ కోర్టుకెక్కితే 2010లో 7 లక్షల డాలర్లిచ్చి, మిగిలిన శాంపిళ్లు వాపస్ చేసి రాజీపడ్డారు. తమ్ముడు వినకపోతే, కనీసం చుట్టాల్ని వెతికే ఆప్షన్ ఆఫ్‌లో పెట్టమనండి.